వస్తువు కన్నా ముందు మనిషిని అడిగిన శశికళగారు

1991 జూలై ఒకటో తేదీ, సోమవారం ఉదయం శ్రీమతి శశికళగారు బెంగళూరు పీణ్యలోని మన సుముఖ శిక్షణ కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. ఆ ఉదయం రాజాజీనగర్‌లోని వారి ఇంట్లో కుక్కర్ గురించి మొదలైన వాదన, ఆమె కొత్త చీర కట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికే బాగా ముదిరి ఉంది.

“మూడు విజిళ్ళు అయిపోయినాయి, దించెయ్ అంటా ఉంటే వినవేం రా?” అంటున్నారు అత్తగారు పార్వతమ్మగారు.

“రెండేనమ్మా. నువ్వు లెక్కేసిన మొదటిది మనది కాదు, పక్కింటోళ్ళది,” అంటున్నారు భర్త పద్మనాభంగారు.

“పక్కింటి కుక్కర్ గొంతు నాకు తెలీదా? అది పిల్లి మాదిరి అరుస్తాది. మనది రైలు మాదిరి కూస్తాది.”

“ఆ రైలు రెండు తూర్లే కూసింది.”

తీర్పు చెప్పమన్నట్టు ఇద్దరూ కోడలి వైపు తిరిగారు. బస్సు దొరుకుతుందో లేదో అన్న ఆదుర్దాలో ఉన్న శశికళగారు ఒక్క విజిల్ కూడా లెక్కపెట్టలేదు. చివరకు పెద్దావిడ మాటే నెగ్గింది. మధ్యాహ్నం మన కేంద్రంలో ఆమె డబ్బా తెరిస్తే కందిపప్పు పలుకులు పలుకులుగానే ఉంది. ఇంకొకరైతే విసుక్కునేవారు. ఆమె మాత్రం ఆ పలుకుల వైపు కాసేపు చూసి, పక్కన కూర్చున్నవాళ్ళను అడిగారు: “మతి బాగున్న ముగ్గురు పెద్దవాళ్ళం ఒకే ఇంట్లో ఉండి విజిళ్ళు లెక్కపెట్టలేకపోయినాం. మరి ఇక్కడికి వచ్చేవాళ్ళకి జ్ఞాపకం లేదని ఎందుకంటాం? గుర్తుపెట్టుకునే పని ఆ కుక్కరే చేసుకోకూడదా?”

ఆ రోజు అందరూ నవ్వేశారు. పద్దెనిమిదేళ్ళ తరువాత, వారి పదవీ విరమణ వేళ వెనుదిరిగి చూస్తే, ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే వారి ఉద్యోగ జీవితమంతా అయిందని అర్థమవుతుంది.

బుద్ధి వికాసం నెమ్మదిగా సాగేవారికి పని నేర్పే చోటు మనది. చుట్టుపక్కల మిషన్ షెడ్లకు కావలసిన బోల్టులను, వాషర్లను వేరుచేసి సంచుల్లో నింపడం ఇక్కడి ప్రధానమైన పని. శశికళగారు హిందూపురంలో పుట్టి, గృహవిజ్ఞానం చదివి, కొంతకాలం పాఠశాలలో పనిచేసి వచ్చినవారు. వంట, శుభ్రత, బస్సు ప్రయాణం వంటి నిత్యకృత్యాలు నేర్పడం వారికి అప్పగించిన బాధ్యత. చేరిన కొత్తలోనే వారు గమనించినదేమిటంటే, ఇక్కడ బాగా నేర్చుకున్న పని ఇంటికి వెళ్ళేసరికి మాయమైపోయేది. ఇక్కడి స్విచ్ గోడకు కుడివైపు ఉంటే ఇంట్లో ఎడమవైపు ఉండేది. ఇక్కడి గిన్నెకు పిడి ఉంటే ఇంట్లో గిన్నెకు ఉండేది కాదు. మనకు లెక్కలోకే రానంత చిన్న తేడా మరొకరికి దాటలేని గోడ ఎలా అవుతుందో చూడాలన్న కుతూహలంతో వారు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చుని రావడం మొదలుపెట్టారు.

స్వప్న మన కేంద్రానికి 1996లో వచ్చింది. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి సుంకన్న మడకశిర దగ్గరి పల్లె నుంచి వలస వచ్చిన తాపీ మేస్త్రి. తల్లి చెన్నమ్మ ఆయన వెంటే ఇటుక, ఇసుక మోసే కూలిపనికి వెళ్ళేది. మన కేంద్రం మధ్యాహ్నమే ముగుస్తుంది. ఆ తల్లిదండ్రులు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. సుంకన్న మొదటి రోజే ఉన్నమాట చెప్పాడు.

“మేమిద్దరం పోకుంటే పొయ్యి రాజుకోదు మేడమ్. ఈ పాప పగటిపూట ఇంట్లో ఒంటిగా ఉండేకి అయితాదా, కాదా, ఆ ఒక్క మాట చెప్పండి. కాదంటే యాడన్నా ఆశ్రమంలో ఇడ్సాల్సిందే.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూతురి వైపు చూడలేదు. స్వప్న మాత్రం ఆయన ముఖమే చూస్తూ కూర్చుంది. అవునని గానీ కాదని గానీ శశికళగారు ఆ రోజు చెప్పలేకపోయారు. అదృష్టవశాత్తూ సుంకన్న వాళ్ళ వఠారంలో పక్క గది మారెమ్మ అనే పెద్దావిడ ఉండేది. మధ్యాహ్నం ఆ పిల్లకు ఒక ముద్ద పెట్టి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉంటానని ఆమె ఒప్పుకోవడంతో, ఆ ప్రశ్న చాలా ఏళ్ళు పక్కకు తప్పుకుంది.

ఆ రోజుల్లోనే మనకు విదేశాల నుంచి ఒక మాట్లాడే పెట్టె విరాళంగా వచ్చింది. బొమ్మ మీద నొక్కితే దానికి తగిన మాట ఇంగ్లీషులో పలుకుతుంది. మాట సరిగా రానివారికి అదొక వరమని మన కార్యదర్శి నరసింహప్పగారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టించి, తాళం వేయించి, వచ్చిన అతిథులందరికీ చూపించేవారు. శశికళగారు ఒకరోజు తాళం తీయించి దాన్ని స్వప్న ముందు పెట్టారు. మంచినీళ్ళ బొమ్మ నొక్కితే ఆయా చిక్కమ్మ చెంబుతో పరుగెత్తుకొస్తుందని స్వప్న నిమిషంలో కనిపెట్టింది. ఇక ఆ బొమ్మను వదిలిపెట్టలేదు.

“అమ్మా, ఈ పెట్టె దాహం తీర్చేకి నా వల్ల కాదు. దీన్ని కావేరి నీళ్ళ కొళాయి కింద పెట్టేయండి,” అని చిక్కమ్మ చేతులెత్తేసింది.

నవ్వులు సద్దుమణిగాక శశికళగారిలో మిగిలింది ప్రశ్నే. ఆ పెట్టె పాడైతే పీణ్యలో ఎవరు బాగుచేస్తారు? బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎంతమంది తిరిగి చూస్తారు? ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో అది పలికే మాట స్వప్నదెలా అవుతుంది? అలాగని, ప్రత్యేకంగా తయారైన వస్తువులన్నీ దండగ, బజారులో దొరికేవే మేలు అని వారు ఎన్నడూ అనలేదు. ప్రత్యేకమైన వస్తువు ఒకే పని చేస్తుంది కనుక తికమక పెట్టదు; మామూలు వస్తువు పది పనులు చేస్తుంది కనుక పది చోట్ల తప్పుదారి పట్టిస్తుంది. కానీ మామూలు వస్తువును ఇంట్లో అందరూ వాడతారు, వీధి చివర బాగుచేస్తారు, దాన్ని పట్టుకున్న మనిషిని ఎవరూ వింతగా చూడరు. ఈ రెంటిలో ఏది ఎవరికి అన్నది ఆ మనిషితో కూర్చుంటేనే తేలుతుందని వారి నమ్మకం. చేత్తో తడిమితే తెలిసే పెద్ద బొత్తాలున్న విదేశీ గడియారం ఒకరికి ఇప్పించిన వారే, ఇంకొకరికి మామూలు గోడ గడియారం మీద టీ వేళకు ఎర్ర కాగితం అంటించి ఇచ్చారు.

2004 నాటికి మన దగ్గరకు వచ్చే కుటుంబాల్లోనూ సెల్‌ఫోన్లు కనిపించసాగాయి. బస్సు తప్పితే ఇంటికి చెప్పుకోవడానికి దర్శన్ అనే యువకుడికి శశికళగారు ఒక మామూలు ఫోన్ ఎంపిక చేశారు. ఒక అంకెను నొక్కి పట్టుకుంటే అమ్మకు ఫోన్ వెళుతుంది; మిగిలిన అంకెల మీద అట్టముక్క కత్తిరించి అంటించారు. ఆ ఏర్పాటు దివ్యంగా పనిచేసింది. అయితే లోపలి నుంచి బయటికి వెళ్ళే ఫోన్ గురించి అన్నీ ఆలోచించినవారు, బయటి నుంచి లోపలికి వచ్చే ఫోన్ గురించి ఆలోచించడం మరిచారు. దర్శన్ ఎవరు ఏమడిగినా కాదనని మర్యాదస్తుడు. కొన్నాళ్ళకు టై కట్టుకున్న ఇద్దరు యువకులు ఫైళ్ళు పట్టుకుని మన గేటు దగ్గరకు వచ్చి, “దర్శన్ సార్ ఉన్నారా? ఫోన్‌లో క్రెడిట్ కార్డుకి ఒప్పుకున్నారు,” అన్నారు. వెనకే ఇంకో సంస్థ మనిషి. దర్శన్ సార్ అందరికీ ఒప్పుకున్నారు.

“నా జన్మలో నన్నెవరూ ఇంతగా వెతుక్కుంటూ రాలేదు. దర్శన్, నువ్వే నా బదులు సెక్రెటరీగా కూర్చో,” అన్నారు నరసింహప్పగారు.

శశికళగారు ఆ సాయంత్రమే ఫోన్‌లో కొత్త మార్గం కనిపెట్టారు. బయటివారు ఎవరు చేసినా అది మూగగా ఉంటుంది. ఇంటివాళ్ళు, మన కేంద్రం చేస్తే మాత్రమే మోగుతుంది. తన పొరపాటును దాచకుండా ఆ తరువాత వచ్చిన ప్రతి కుటుంబానికీ నవ్వుతూ చెప్పేవారు.

2007 వేసవిలో మారెమ్మ తన కొడుకు దగ్గరికి ఊరెళ్ళిపోయింది. పక్కకు తప్పుకున్న పాత ప్రశ్న మళ్ళీ సుంకన్న గుమ్మంలోకి వచ్చి నిలబడింది. స్వప్నకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. ఒక మధ్యాహ్నం ఆకలేసి పులుసు వేడి చేసుకుందామని గ్యాస్ వెలిగించి, మరిచిపోయింది. గిన్నె మాడి, పొగ కమ్మి, వఠారమంతా కేకలు పెట్టింది. ఇంటి యజమాని, ఆ అమ్మాయిని ఒంటరిగా వదిలితే గది ఖాళీ చేయమన్నాడు. నగరం అవతలి అంచున బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటూ ఒక ఆఫీసు వ్యాను నడిపే అన్న రమేశ్, తుమకూరు అవతల ఒక హాస్టల్ చూసి వచ్చాడు. దసరా దాటగానే చెల్లెలిని అక్కడ చేర్చాలన్నది అతని నిర్ణయం.

“నేను చెడ్డోణ్ణి కాదు మేడమ్,” అన్నాడు రమేశ్, శశికళగారు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. “ఆ పొద్దు పక్కన ఎవురూ లేకుంటే ఏమయ్యుండేది? అమ్మ పని మానుకుంటే బాడుగ యాడ్నుంచి వస్తాది?”

అతని మాటలో న్యాయం లేకపోలేదు. దసరా లోపు తనను ఒక ప్రయత్నం చేయనివ్వమని మాత్రం అడిగి, ఆమె స్వప్న వైపు తిరిగారు. ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగారు: “ఆ పొద్దు పొయ్యి దగ్గర్నుంచి ఎందుకు లేచినావు స్వప్నా?”

“పక్కింట్లో పాట వచ్చె మేడమ్. అయిపోయేదంకా ఆడ్నే కూర్చోని వింట్ని.”

“మధ్యలో లేయలేదా?”

“పాట మధ్యలో లేస్తారా?” అంది స్వప్న, అంత తెలియనివారా మీరు అన్నట్టు.

మొదట శశికళగారికి తట్టిన పరిష్కారం అందరికీ తట్టేదే. నీళ్ళు ఇగిరితే తనంతట తాను ఆగిపోయే కరెంటు రైస్ కుక్కర్. విజిళ్ళు లేవు, మంట లేదు. మన కేంద్రంలోనే స్వప్నకు కొన్ని వారాలు అన్నం వండడం నేర్పారు. ఆ పిల్ల పొల్లుపోకుండా నేర్చుకుంది. కుక్కర్‌ను ఇంటికి పంపి, కొన్నాళ్ళకు సంబరంగా చూడబోతే, అది అటక మీద పసుపు కుంకుమ బొట్లతో, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా దేవుడిలా కూర్చుని ఉంది.

“ఏం చెన్నమ్మా, వాడలేదా?”

“దినామూ అన్నం తినేకి మా ఇంట్లో ఏమన్నా పెండ్లా మేడమ్? మేము తినేది సంగటి కదా. పండగొస్తే తీద్దామని పెడ్తిమి.”

శశికళగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. హిందూపురంలో పుట్టి, రాగి సంగటి తిని పెరిగిన మనిషి. ఇల్లిల్లూ తిరిగి స్విచ్ ఏ వైపుందో కూడా చూసే మనిషి. ఆ ఇంట్లో మధ్యాహ్నం కంచంలో ఏముంటుందో అడగడం మరిచారు. ఆమె పకపకా నవ్వితే చెన్నమ్మ కూడా నవ్వింది. “మరి ఈ కుక్కర్‌లో సంగటి అవుతుందేమో చూద్దామా?” అని అడిగితే మాత్రం చెన్నమ్మ ముక్కున వేలేసుకుంది.

ఆ ప్రయోగశాల శశికళగారి సొంత వంటిల్లే అయింది. నూకలు ఉడికి కుక్కర్ టక్కుమన్నాక రాగిపిండి పోసి, మూతపెట్టి, ఆవిరికి మగ్గనివ్వాలి. ఆ తరువాత కెలకాలి. మొదటి రోజు ఉండలు కట్టింది. రెండో ప్రయత్నం జావైంది. కెలకబోతే కుక్కర్ లోపలి గిన్నె గిర్రున తిరిగింది.

“మా కోడలికి ఆఫీసులో పని తక్కువైనట్టుంది. నెల దినాలుగా నాకు సంగటి శిక్ష,” అని పార్వతమ్మగారు వచ్చినవారందరికీ ఫిర్యాదు చేసేవారు. కానీ ప్రతి సాయంత్రం, “ఈ పొద్దు ఎట్లొచ్చింది?” అని ముందుగా అడిగేది కూడా ఆవిడే.

గిన్నె తిరగకుండా ఆపే ఉపాయం స్వప్నది. చిన్నప్పుడు అమ్మ వెంట కట్టడాల దగ్గర ఆడుకున్న పిల్ల కదా, కొత్త కాంక్రీటు మీద తడి గోనెలు కప్పడం చూసింది. గోనెసంచిని తడిపి, కుదురులా చుట్టి, నేల మీద పెట్టి, గుడ్డతో పట్టుకుని వేడి గిన్నెను అందులో దించింది. గిన్నె అంగుళం కదలలేదు. ఇక మిగిలింది కాలం. పిండి ఎంతసేపు మగ్గాలో స్వప్నకు గడియారం చెప్పలేదు. కానీ పాట మధ్యలో లేవని మనిషికి పాటే గడియారం కాదా? ఏ అలవాటు వల్ల గిన్నె మాడిందో ఆ అలవాటునే శశికళగారు ఆసరా చేసుకున్నారు.

అందరి ఇళ్ళలో మూలపడుతున్న టేప్ రికార్డర్‌ను ఆమె కావాలని ఎంచుకున్నారు. దాని బొత్తం నొక్కితే దిగినట్టు వేలికి తెలుస్తుంది. క్యాసెట్టు అయిపోతే తానే పైకి లేస్తుంది. రెండు పాటలు, వాటి వెనక చెన్నమ్మ గొంతు. రికార్డు చేసిన రోజు చెన్నమ్మ సిగ్గుతో చెమటలు కక్కింది. ఎట్టకేలకు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది: “పాపా, పాట ఆయె. మూత తీయి. గుడ్డ పట్టుకో, చెయ్యి కాలుతాది. గిన్నె గోనెలో పెట్టు. కెలుకు... ఒరే రమేశా! ఆ బురద చెప్పులు బయట ఇడ్సి రారా, కండ్లు లేవా?... కెలుకు పాపా, బాగా కెలుకు.”

అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన రమేశ్ గొంతు కూడా టేపులో పడింది: “రికార్డు నడుస్తా ఉంటే నన్ను తిట్టేదేమమ్మా?”

మళ్ళీ చేద్దామంటే స్వప్న క్యాసెట్టును రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. అన్నకు తిట్లు పడే భాగం తీసేయడానికి వీల్లేదు. ప్రతి మధ్యాహ్నం ఆ మాట దగ్గర పడీ పడీ నవ్వి, తరువాత శ్రద్ధగా కెలికేది.

గ్యాస్ సిలిండర్ మూత బిగించి, కరెంటు పోయిన పూటకు మజ్జిగలో నానేసే అటుకులు చూపించి, తల్లిదండ్రులు పనికి వెళ్ళేవారు. మొదటి వారాల్లో శశికళగారు మధ్యాహ్నం వఠారం ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుని, లోపలికి వెళ్ళాలన్న ఆత్రాన్ని ఆపుకుంటూ గడిపారు. ఒక్కసారి కూడా లేవవలసిన అవసరం రాలేదు.

దసరాకు ముందు ఆదివారం రమేశ్ ఇంటికి వచ్చాడు. దసరా మరునాడు హాస్టల్‌కు తీసుకెళ్ళడానికి వ్యాను కూడా మాట్లాడుకుని వచ్చాడు. శశికళగారిని కూడా పిలిచారు. సుంకన్న గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. చెన్నమ్మ చెంగు మెలిపెడుతోంది. స్వప్న టేప్ నొక్కింది. రెండు పాటలైనాయి. చెన్నమ్మ గొంతు వచ్చింది. రమేశ్‌కు తిట్లు పడ్డాయి. అతను నవ్వబోయి తల వంచుకున్నాడు. స్వప్న ముద్దలు చేసి, గుంత చేసి, అందరి కంచాల్లో పులుసు పోసింది. శశికళగారికి, నాయనకు, అమ్మకు, చివరకు అన్నకు వడ్డించి, తన కంచం పట్టుకుని కూర్చుంది.

“అన్నా, నేను ఆడికి పోను,” అంది, గొంతు పెంచకుండా. “మీరు పనికి పోతారు. నాకు ఈడ పని ఉండాది.”

రమేశ్ జేబులోంచి ఫోన్ తీసి, వ్యాను వద్దని చెప్పి, కంచం ముందుకు జరిపాడు. “ఇంగో ముద్ద పెట్టు,” అన్నాడు.

ఈ మే నెలాఖరున శశికళగారు పదవీ విరమణ చేస్తున్నారు. స్వప్న నేటికీ ఆ ఇంట్లోనే ఉంది. శశికళగారి మోకాళ్ళు మెట్లెక్కనివ్వాలనీ, చూపు చెదరకూడదనీ, పద్మనాభంగారితోనూ పార్వతమ్మగారితోనూ వాదించుకునే ఓపిక తరగకూడదనీ, ఎవరి గుమ్మంలో కూర్చున్నా “నీకేం కావాలి?” అని అడిగే ఆ కుతూహలం వారిని ఇంకా ఎన్నో ఏళ్ళు ఆరోగ్యంగా నడిపించాలనీ మన కేంద్రం యావత్తూ మనసారా కోరుకుంటోంది.